ఇంకోసారి కొయ్యి మావా

ఒకే ఒక్క మాటతో మా మావ పదేళ్లు పెంచిన చెట్టును మోడు చేసిన ఘనుణ్ణి నేను. గొడ్డలి పట్టలేదు, కత్తెర ముట్టలేదు. కెమెరా వెనకాల నిలబడి నోరు తెరిచానంతే. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

పలాసలో నాకో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోల్లో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నా గట్టి నమ్మకం. అలా నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకోండి. నా విద్యంతా "ఇంకోసారి" అనే మాటలో ఉండేది. తలంబ్రాలు ఇంకోసారి, దండలు ఇంకోసారి, అప్పగింతల్లో తల్లి ఏడుపు కూడా ఇంకోసారి. పంతులుగారు గుడ్లురిమేవారు గానీ, మా వైపు కెమెరావాడి మాట కాదన్న పెళ్లికొడుకు ఇంతవరకు పుట్టలేదు.

మా మేనమామది పూండి దగ్గర పల్లె. కొబ్బరితోట, జీడితోట ఉన్న రైతు. అంత తోట పెట్టుకుని, ఒక జీడిపిక్కను కుండీలో నాటి, దాన్ని మోకాలెత్తు దాటనివ్వకుండా పసిపిల్లలా సాకాడు. మా అత్తకు ఆ చెట్టు సవతి. "పిక్క రాల్చదు, నీడ ఇవ్వదు, నీల్లు మాత్రం తాగుతాది" అనేది.

టెక్కలి కల్యాణ మండపంలో ఇలాంటి మరుగుజ్జు చెట్ల బోన్సాయ్ ప్రదర్శన పెట్టారు. కొమ్మ ఎలా కొయ్యాలో, తీగ చుట్టి ఎలా వంచాలో మావ జనం ముందు చేసి చూపించాలి. దాన్ని నేను వీడియో తీసి, విశాఖపట్నంలోని బోన్సాయ్ సంఘానికి పంపాలి. నచ్చితే వాళ్ల పెద్ద ప్రదర్శనకు పిలుస్తారు. మావకు అక్కడికి వెళ్లాలని ఎంత ఆశంటే, దానికోసం కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు.

"ఒరే అల్లుడా, ఒక్క కొమ్మే కోత్తాను. మల్లీ అతికీది కాదు. సూసి తియ్యి" అన్నాడు.

"నాకు సెప్పాలేటి మావా! ఎన్ని పెళ్లిల్లు తియ్యలేదు!"

మావ కత్తెర ఎత్తాడు. నేను బటన్ నొక్కాను. కటుక్కుమని కొమ్మ పడింది. సరిగ్గా అప్పుడే ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకుని కెమెరాకు అడ్డంగా నడిచింది. బటన్ మళ్లీ నొక్కి, నోటికి అలవాటైన మాట వదిలేశాను.

"మావా, ఇంకోసారి!"

"ఏటి ఇంకోసారి?"

"కొమ్మ కొయ్యడం."

మావ నన్ను చూశాడు, జనాన్ని చూశాడు. అందరూ ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు మొహంలో కనిపించే ఆ లొంగుబాటు మావ మొహంలోకి వచ్చేసింది. జనం వైపు తిరిగి, "సరే, ఈ కొమ్మ పోనాది. బయపడిపోకండి. బరువు ఇటుపక్కకి వచ్చీసింది కదా, ఈ పైకొమ్మ కూడా తీసీసి, కింది దాన్ని తీగతో ఒంచీసుకుందాం" అని ఓపిగ్గా చెప్పి, రెండో కొమ్మ కోశాడు.

"మావా, తల దించీసేవు. మొహం పడలేదు."

మిగిలినదాన్ని ఎలా నిలబెట్టుకోవాలో మళ్లీ జనానికి చెప్పి, మూడోది కోశాడు.

"ఈసారి కూసింత నవ్వుతా కొయ్యి మావా!"

నవ్వుతూనే కోశాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ అన్నం సహించదు. కుండీలో మొదలు మిగిలింది, దాని పక్కన అరంగుళం చిగురు. ముందువరసలో ఒక పెద్దాయన లేచి, "బాబూ, ఇంక కుండీ ఒక్కటే ఉంది, అది కూడా కోసీమంటావేటి?" అన్నాడు.

తిరుగుదారిలో మావ ఆ కుండీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఇంట్లో అత్త చూసి నోరు నొక్కుకుంది. "ఆడు సెప్తే నువ్వు కోసీడవేటి?"

"ఫొటో ఆయన సెప్పినట్టు ఇనకపోతే ఎలాగే? మన పెళ్లప్పుడు నీ పక్కన నవ్వమంటే నవ్వలేదేటి?" అన్నాడు మావ.

అసలు నాశనం స్టూడియోలో బయటపడింది. మండపంలో అడుగుపెడుతూనే రికార్డింగ్ బటన్ నొక్కేసి మరిచిపోయాను. అంటే నేను మొదలెట్టానని నొక్కినప్పుడల్లా అది ఆగింది, ఆపానని నొక్కినప్పుడల్లా మొదలైంది. ఒక్క కోత కూడా పడలేదు. పడిందల్లా నా గొంతు, దాని తర్వాత మావ పడ్డ పాట్లు. ఒక్కో ముక్కకూ ఒక్కో కొమ్మ మాయం. మావకు చూపించి ఏడ్చినంత పని చేశాను. "ఉన్నదే పంపీ" అన్నాడు. పంపేశాను.

కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. "విశాఖపట్నం రమ్మన్నార్రా! కొమ్మలు కొయ్యడం అందరూ సూపించారంట. పోయిన కొమ్మకి ఏడవకుండా, మిగిల్న దాంతో సెట్టుని ఎలా నిలబెట్టాలో నానొక్కడే సెప్పేనంట."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎప్పుడు మావా? కెమెరా చార్జింగ్ పెట్టీసుకుంటాను."

మావ నసిగాడు.

"నన్ను రమ్మన్నారు. ఆ ఇంకోసారి అన్నోడిని మాత్రం ఇంటికాడ వదిలీసి రమ్మన్నారు."

కనుక పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న సమస్త వృక్షజాతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కత్తెర చేతపట్టిన ఏ మనిషినీ నేను ఈ జన్మలో నవ్వమని అడగను.