వంతెన మీద ఆగిన రోలరు

మా పేటలో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. పిల్లలకు రోలరు మామయ్య, పెద్దవాళ్లకు రోలరాయన. పురపాలక సంఘంలో రోడ్డు రోలరు నడిపేవాడు. చేతులు పెద్దవి, మాట చిన్నది. "ఈయనకి కోపం రావాలన్నా ముందు ఇంజను వేడెక్కాలి" అని ఆయన భార్య ఇరుగమ్మ పొరుగమ్మలతో అంటుండేది. ఆవిడ ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. మిషను చప్పుడు ఆగిందంటే ఆవిడకు ఎవరి మీదో ఒకరి మీద కోపం వచ్చిందని అర్థం.

ఆ రోజుల్లో మా దగ్గర మద్యం అమ్మినా, కొన్నా, తాగినా జైలే. దేవుడు వద్దన్నదాన్నే సర్కారు కూడా వద్దంది కాబట్టి ఎదురు మాట్లాడేవాళ్లు ఉండేవారు కాదు. అలాగని తాగేవాళ్లు లేకపోలేదు. బండి ఉన్నవాళ్లు సెలవురోజున సరిహద్దు దాటి వెళ్లి, కళ్లు ఎర్రబడి వచ్చి, ప్రయాణ బడలిక అనేవారు. లేనివాళ్లు మెకానిక్ షెడ్ల వెనక ప్లాస్టిక్ సంచుల్లో దొరికేదాన్ని గొంతులో పోసుకునేవారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఊరంతా కలిసి ఒకేసారి కళ్లు మూసుకుంది.

పోలీసులకు దొరికిన సీసాలన్నిటినీ ఏటా బడి మైదానంలో వరసగా పేర్చేవారు. ప్రార్థనా మందిరం పెద్దాయన మైకులో నాలుగు మంచి మాటలు చెప్పేవాడు. ఆ తర్వాత రోలరాయన ఇంజను స్టార్టు చేసేవాడు. ఇనుప చక్రం కింద సీసాలు పటపటా పగులుతుంటే జనం చప్పట్లు కొట్టేవారు. ఒక ఏడాది ఆయన ఫొటో పేపర్లో కూడా పడింది. ఇంటికొచ్చి ఎన్ని బిందెల నీళ్లు పోసుకున్నా ఆ వాసన పోయేది కాదు. జన్మలో చుక్క ముట్టని మనిషి ఒళ్లంతా సారా కంపు కొడుతూ అన్నానికి కూర్చునేవాడు.

ఆయనకొక తమ్ముడు. ఫర్నిచర్ దుకాణంలో పని. మాటకారి, నవ్వించేవాడు. భార్య కాన్పులోనే పోతే, పసిగుడ్డును తెచ్చి వదిన ఒళ్లో పెట్టాడు. ఆ దిగులుతో మొదలుపెట్టాడో, దుకాణంలో పక్కవాళ్లు అలవాటు చేశారో, షెడ్ల వెనక్కి వెళ్లడం మొదలైంది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ గదంతా పరుచుకుని ఉండగా, మంచం మీంచి లేచి కూర్చుని, "వదినా, ఇంత చీకట్లో ఎలా కుడుతున్నావు? దీపం వెయ్యరాదూ" అన్నాడు.

వదిన చేతిలో గుడ్డ జారిపోయింది.

ఆస్పత్రివాళ్లు ప్రాణం నిలబెట్టారు గానీ చూపు తేలేకపోయారు. కల్తీ సారా అని డాక్టరు ఒక్కమాట అన్నాడు. ఆ మాట పోలీసుల చెవిన పడితే కేసు, పేట చెవిన పడితే పరువు నష్టం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మెదడుకు జ్వరం వచ్చి కళ్లు పోయాయని ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద నిలబడ్డారు. ఆ నెలలోనే మైదానంలో సీసాలు పేర్చారు. రోలరాయన వెళ్లాడు, తొక్కాడు, చప్పట్లు విన్నాడు. వాటిలో చాలా వాటికి సీలు కూడా విప్పలేదు. ఆ రాత్రి భార్యతో, "మనవాడు తాగింది ఆ మైదానానికి రాలేదే" అని మాత్రం అన్నాడట.

తమ్ముడు వసారాలో కూర్చుని కుర్చీలకు ప్లాస్టిక్ వైరు అల్లడం నేర్చుకున్నాడు. కూతురు పెరిగింది, చదువుకుంది. ఇంతలో చట్టం మారింది. బయటి పెట్టుబడులు రావాలన్నారు, కల్తీ చావులు ఆగాలన్నారు. కారణం ఏదైతేనేం, అనుమతి కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే అమ్మేలా బస్టాండు దగ్గర ఒక సర్కారు దుకాణం తెరుస్తారని వార్త వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్లకు సర్కారు గిడ్డంగిలో ఉద్యోగం అని పేటంతా విన్నాం. ఆ గిడ్డంగి బస్టాండు దుకాణమేనని ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలుసు.

ఆ రోజు కుట్టుమిషను ఆగిపోయింది.

"లోకంలో ఇంకే కొలువూ దొరకలేదుటే నీకు?" అంది పెద్దమ్మ. "కన్నతండ్రి కళ్లు పోగొట్టిన దాన్ని చేత్తో అందిస్తావా జనానికి?"

"నాన్న తాగింది సీలు లేనిది పెద్దమ్మా. నేను సీలు చూసి ఇస్తాను. తాగొద్దని చెబితే వినేవాళ్లే అయితే నాన్న వినేవాడుగా!"

"చాల్లే, లాయరు మాటలు."

రోలరాయన కలగజేసుకోలేదు. తమ్ముడు వైరు లాగి బిగిస్తూ, "నేను తాగినప్పుడు చట్టం గట్టిగానే ఉంది వదినా. కళ్లే నిలవలేదు" అన్నాడు. నవ్వించబోయాడు గానీ ఎవరూ నవ్వలేదు.

దుకాణం తెరవడానికి ముందురోజు సాయంత్రం మందిరం పెద్దాయన వాళ్లింటికి వచ్చాడు. వెనక ఇరవై ముప్ఫై మంది కుర్రాళ్లు. పెద్దాయన చెడ్డవాడు కాదు. ఎవరింట్లో చావైనా ముందుగా గడప తొక్కేది ఆయనే. అందుకే ఆయన మాట కాదనడం కష్టం.

"ఏమోయ్, రేపు పొద్దున రోలరు తియ్యాలి" అన్నాడు. "మనుషుల మీద చెయ్యి పడదు. తలుపులు తోసి, సీసాలు తొక్కేసి వచ్చేద్దాం. ఇన్నేళ్లూ ఆ పని నీ చేతుల మీదుగా జరిగింది. నువ్వు ముందుండాలి."

"సర్కారు బండి అయ్యా. మైదానంలో తొక్కమన్నదీ సర్కారే, దుకాణం పెట్టిందీ సర్కారే."

"దేవుడు మారాడా?"

వెనకనుంచి ఒక కుర్రాడు, "ఆయన రాకపోతే మేమే తోలుకుపోతాం. యార్డు కాపలావాడు మనవాడే" అన్నాడు.

ఆ మాట రోలరాయనకు సూటిగా తగిలింది. వంతెన దాటాక బస్టాండుదాకా రోడ్డంతా పల్లం. ఆ పల్లంలో గేరు జారితే అన్ని టన్నుల ఇనుము దుకాణం దగ్గర ఆగదు, బస్సుకోసం నిలబడ్డవాళ్ల మీదికి పోతుంది. "వస్తాను. బండి మీద ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు" అన్నాడు.

వాళ్లు గుమ్మం దాటగానే భార్య ఆయన చొక్కా పట్టుకుంది. "మతిగానీ పోయిందా మీకు? లోపల పిల్ల ఉంటుంది!"

"పిల్ల రేపు వెళ్లకూడదు."

లోపలి గదిలోంచి ఆ పిల్ల బయటికి వచ్చింది. మాటలన్నీ విననే విన్నది. మొహం పాలిపోయి ఉంది. "వెళ్తాను పెదనాన్నా. ఒక్కసారి భయపడి మానేస్తే ఇక వాళ్లకు రోజూ భయపెట్టడమే పనవుతుంది" అంది. ఈ మొండితనం ఎవరి పెంపకమని అడగడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

మర్నాడు తెల్లవారగానే ఆ పిల్ల బస్సెక్కి వెళ్లిపోయింది. ఎండ ముదరకముందే రోలరు యార్డు గేటు దాటింది. ముందు రోలరు, వెనక జనం. అది మనిషి నడక కంటే నెమ్మదిగా పోతుంది. నినాదాలు దాన్ని దాటి ఎగిరిపోతున్నాయి గానీ జనం దాటడం లేదు. ఆయన ముందుండాలని పెద్దాయన కట్టడి. కిటికీ రెక్కలు తెరుచుకుంటున్నాయి, దుకాణాల షట్టర్లు దిగుతున్నాయి. సీటు మీద రోలరాయన అడకత్తెరలో పోకచెక్కలా బిగుసుకుని కూర్చున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పక్కనే నడుస్తున్న పెద్దాయన ఒకటి రెండుసార్లు తలెత్తి ఆయన మొహం చూశాడు.

మురుగు కాలవ మీది వంతెన పాతది, ఇరుకుది. రోలరు ఎక్కితే అటూ ఇటూ జానెడు సందు కూడా మిగలదు. సరిగ్గా నడిమధ్యకు రాగానే ఇంజను ఆగింది. ఒక్కసారిగా నిశ్శబ్దం. కింద కాలవ పారుతున్న చప్పుడు వినబడింది.

"ఏమైంది? ఆగిపోయిందా?" అన్నాడు వెనకనుంచి పెద్దాయన.

"ఆగలేదయ్యా. ఆపాను." తాళం తీసి చొక్కా జేబులో వేసుకుని వెనక్కి తిరిగాడు. "ఆ దుకాణంలో మా పిల్ల ఉంది."

ఆ మాట వెనక్కి పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. రోలరాయన ఇంట్లో పిల్ల సారా అమ్ముతోందట అని ఒకరు, ఇంటి దొంగ అని ఒకరు.

"అమ్ముతోంది" అన్నాడు గొంతు పెంచి. ఆయన గొంతు అంత పెద్దదని పేటకు ఆరోజే తెలిసింది. "తప్పైతే దేవుడు చూసుకుంటాడు. దాని మీదికి మాత్రం నేను ఇనుము తోలను."

"మరి ఇన్నేళ్లు తొక్కినవాడివి నువ్వే కదా!" అని ఎవరో అరిచారు.

"తొక్కాను. నేనక్కడ సీలున్న సీసాలు తొక్కుతుంటే, మా తమ్ముడు షెడ్డు వెనక విషం తాగాడు. వాడి కళ్లు జ్వరానికి పోలేదు. జ్వరమని మేం అబద్ధం చెప్పాం. మీరు మాకు దణ్ణాలు పెట్టారు, మేం పుచ్చుకున్నాం."

గుంపులో ఎక్కడినుంచో ఒక రాయి వచ్చి ఆయన కనుబొమ్మ మీద తగిలింది. రక్తం చెంప మీదుగా కారి కాలరు తడిసింది. దిగితే తాళం గుంజుకుంటారని ఆయనకు తెలుసు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇంకో రాయి ఇనుముకు తగిలి ఖంగుమంది. ఇద్దరు కుర్రాళ్లు వెనక చక్రం మీదుగా పైకి ఎగబాకబోయారు.

"చాలు!" అన్నాడు పెద్దాయన. రెండు చేతులూ చాచి వాళ్లకు అడ్డం నిలబడ్డాడు. "చాలన్నానా!"

అప్పుడు గుంపు మధ్యలోంచి పేట దర్జీ చేతిలో కర్ర పిట్టగోడకు ఆనించి, ఎవరి మొహమూ చూడకుండా వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాడు. వాళ్లింట్లో ఏం జరిగిందో మాకెవరికీ తెలీదు, మేమూ అడగలేదు. ఆయన వెనకాల ఇంకొకరు, ఆ వెనక మరో ఇద్దరు. పోలీసు జీపు వచ్చేసరికి వంతెన దగ్గర మిగిలింది కొందరు కుర్రాళ్లు, పెద్దాయన, సీటు మీద రక్తం కారుతున్న మనిషి.

సర్కారు బండి అక్రమంగా బయటికి తీశాడని కేసు పెట్టారు. కొన్నాళ్లు కొలువులోంచి పక్కన పెట్టి, తర్వాత నీటిపైపుల స్టోరులో కూర్చోబెట్టారు. మళ్లీ రోలరు ఇవ్వలేదు. ఆరోజు సాయంత్రం పిల్ల క్షేమంగా ఇల్లు చేరింది. దుకాణానికి ముగ్గురో నలుగురో వచ్చారట. నెలరోజులుగా ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడని పెద్దమ్మ చెంబుతో నీళ్లిచ్చి, "కాళ్లు కడుక్కో, తిందువుగాని" అంది. ఆ తర్వాత మిషను ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

పేట ఆ ఇంటిని వెలివేయలేదు గానీ దగ్గరికీ తీయలేదు. మందిరంలో ఆయన కూర్చున్న వరసలో చోటు మిగిలిపోయేది. ఆయన మాత్రం ఒక్క ప్రార్థనా మానలేదు. తాగనివాడికి తాగుబోతుల పక్షమని పేరొచ్చింది. మరోపక్క, చీకటి పడకముందు ఎవరో ఒక ఆడమనిషి వసారా దగ్గర ఆగి, కుర్చీ బేరం ఆడుతున్నట్టు, "మా ఆయనకి కళ్లు మసకగా ఉన్నాయంటున్నాడు, ఏం చెయ్యమంటారు?" అని తమ్ముణ్ణి గుసగుసగా అడిగేది. "ఆలోచించకుండా ఆస్పత్రికి పరిగెత్తమ్మా. పరువు సంగతి రేపు చూసుకోవచ్చు" అనేవాడు.

చాలా నెలలకు పెద్దాయన ఒంటరిగా వచ్చాడు. రోలరాయన కుర్చీ వేస్తే కూర్చోకుండా, వసారా అరుగు మీద తమ్ముడి పక్కన కూర్చున్నాడు.

"నీ సంగతి నాకు మొదటినుంచీ తెలుసురా అబ్బాయ్" అన్నాడు. "నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్లిన బండివాడు ఆ రోజే చెప్పాడు. మీ పరువు కాపాడదామని నోరు మూసుకున్నాను."

తమ్ముడి చేతులు వైరు మీద ఆగాయి. "తెలిసి కూడా ఒక్కసారి పలకరించడానికి రాలేదేం అయ్యా? చీకటి నాకు గానీ మీకు కాదుగా!"

పెద్దాయన వెళ్లేముందు, రోలరాయన కనుబొమ్మ మీది మచ్చ వంక చూసి, "రేపు మందిరంలో నా పక్కన కూర్చో" అన్నాడు. ఆ మర్నాడు కూర్చున్నాడు కూడా.

తర్వాత అలాంటి దుకాణాలు మరికొన్ని వచ్చాయి. షెడ్ల వెనక బేరాలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. కొత్తగా తాగడం మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి ఆ పిల్లే ఇంట్లో చెప్పి బాధపడేది. రోలరాయన మాత్రం ఆ దుకాణం మెట్టెక్కలేదు. మూసే వేళకు రోడ్డుకు అవతల నిలబడి, పిల్లను వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. ఒకరోజు వాన దంచుతోంది.

"లోపలికి రావచ్చు కదా పెదనాన్నా, నేనొక్కదాన్నే ఉన్నాను!" అని గుమ్మంలోంచి కేకేసింది.

"వద్దులే తల్లీ, తడిస్తే తడుస్తాను" అన్నాడు. అక్కడే తడుస్తూ నిలబడ్డాడు.