కల్పాంత్‌కు కాన్పయింది

పుస్తకం అట్ట మీద ఒక పేరుందంటే, ఆ పేరు గల మనిషి ఎక్కడో ఒకచోట అన్నం తిని, చేయి కడుక్కుని, కుర్చీలో కూర్చుని ఆ పుస్తకం రాసి ఉంటాడని నమ్మే కాలం అది. ఇప్పటివాళ్లు దేన్నీ నమ్మరు. మేం అచ్చులో ఉన్నదంతా నమ్మేవాళ్లం. అందరికంటే ఎక్కువ నేను నమ్మేవాణ్ణి. చిన్నప్పుడే బడికి పోయినవాళ్లకు అక్షరాలతో చనువు ఉంటుంది, వాటిని అనుమానించే ధైర్యం కూడా ఉంటుంది. మీసాలొచ్చాక నేర్చుకున్నవాడి సంగతి వేరు. అంత చెమటోడ్చి కూడబలుక్కున్న మాట అబద్ధమంటే వాడెట్లా ఒప్పుకుంటాడు?

నేను ఐరాల పక్క పల్లె నుంచి వచ్చి చిత్తూరు బెల్లం మండీలో మూటలు మోసేవాణ్ణి. మండీ గుమాస్తా మధ్యాహ్నం అన్నాలయ్యాక మా కూలోళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని 'బూడిదలోకం' చదివి వినిపించేవాడు. ఆకాశం నుంచి నిప్పు కురిసి ఊళ్లన్నీ బూడిదైపోతాయి. శేషు అనేవాడు మిగులుతాడు. కుంటి గుర్రం ఒకటి వెంటేసుకుని, నీళ్లున్న చోటు వెతుక్కుంటూ పోతుంటాడు. నెలకొక పుస్తకం. ఏ నెలలోనూ ఆ చోటు దొరకదు. (దొరికితే కథ అయిపోతుందన్న తెలివి మాకు లేదు. చిత్తూరు జిల్లావాళ్లం కదా, నీళ్లు దొరక్కపోవడం మాకు వింతగానూ తోచలేదు.) రాసింది కల్పాంత్. వెనక అట్ట మీద ఆయన నీడబొమ్మ ఉండేది. కోటేసుకుని, నోట్లో పొగగొట్టం పెట్టుకుని, మొహం కనిపించకుండా.

ఒకరోజు శేషు పాముల గుంతలో పడ్డాడు. ఒక వేరు పట్టుకుని వేలాడుతున్నాడు. సరిగ్గా అక్కడ గుమాస్తా పుస్తకం మూసి, వక్కాకు నోట్లో వేసుకుని "మిగతాది రేపప్పా" అన్నాడు. ఆ రేపు రానే లేదు. ఆయనకు మదనపల్లెలో ఇంకేదో పని దొరికి, పుస్తకంతో సహా పోయాడు. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. మూడోరోజు నేరుగా సంత వీధిలో అద్దె పుస్తకాల షాపు ఆయన దగ్గరికి పోయి "అన్నా, నాకు చదువు నేర్పు. ఒక మనిషి గుంతలో ఉండాడు" అన్నాను. ఆయన కంగారుపడి బయటికి పరిగెత్తబోయాడు. సంగతి చెప్పాక నవ్వి, పలక తెప్పించాడు. నేను అ, ఆలు దిద్దినంతకాలం శేషు ఆ వేరు పట్టుకుని వేలాడుతూనే ఉన్నాడు. గుణింతాలకు వచ్చేసరికి ఆ వేరు ఎక్కడ తెగుతుందోనని నాకు గుబులు. ఒత్తులు వచ్చాక గానీ ఆ పుస్తకం చేతిలోకి తీసుకోలేకపోయాను. తీసుకుని చూస్తే, బూడిదలో బతుకుతున్న ఒక ముసలమ్మ తన పాత చీరలు పేలికలు చేసి, తాడులా పేని, గుంతలోకి వేసింది. శేషు పైకి వచ్చాడు. నేను షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ కల్పాంత్ ఎవరోగానీ నాకు దేవుడనుకున్నాను.

ఇక అన్నీ నేనే చదివాను. చదివేకొద్దీ కొన్ని తేడాలు కనిపించకపోలేదు. ఒక నెల శేషుకు ఎడమ చెవి తెగి ఉంటుంది, మరుసటి నెల కుడిది. ఒక నెల గుక్కెడు నీళ్లు దొరికితే పసిబిడ్డలకు తాగిస్తాడు, ఇంకో నెల వాటితో మొహం కడుక్కుంటాడు. ఒక్కోసారి ఏ బండెక్కినా అందులో మనుషుల తలకాయలు లెక్కపెడతాడు. మండీలో ఎవరైనా ఎత్తిచూపితే కొట్టేటట్టు పోయేవాణ్ణి. "లోకం బూడిదైపోతే నీకు మతి నిలకడగా ఉంటాదా రా?" అని గద్దించేవాణ్ణి. బిడ్డలకు నీళ్లు తాగించే నెలలే నాకు ఎక్కువ ఇష్టమని మాత్రం లోపల తెలుసు.

అట్లా ఉండగా ఒక నెల పుస్తకం రాలేదు. "కల్పాంత్ గారికి ఒంట్లో బాగలేదంట, మంచాన ఉండారంట" అని షాపాయన చెప్పాడు. అక్కడికక్కడే కొండ ఉన్న దిక్కు తిరిగి దండం పెట్టి, ఆయన లేచి కూర్చుంటే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. మరుసటి నెల పుస్తకం వచ్చింది. అలిపిరి దగ్గర చెప్పులు వదిలి, నడిచి కొండెక్కి, గుండు కొట్టించుకుని, ఆయన కోసమని ఒక లడ్డు కాగితంలో చుట్టుకుని దిగివచ్చాను. ఇందులో నేను మరిచిపోయిన చిన్న విషయం ఒకటుంది. నాకు పెళ్లి కుదిరి ఉంది.

పిల్లది నగరి. నేతపని చేసే ఇల్లు. చూడ్డానికి పోయినప్పుడు మా పెద్దవాళ్లు ఎండలు, వానలు మాట్లాడుకుంటుంటే, ఆ పిల్ల తలుపు చాటునుంచి నన్ను ఒకే మాట అడిగింది. "నీకు చదువొచ్చా?" నేను "ఒత్తులతో సహా" అన్నాను. లోపల ఎవరో నవ్వారు, ఆ పిల్లే. ఆ నవ్వు విన్న తర్వాత ఇంకో సంబంధం అనే మాట నా బుర్రలో లేదు. తాంబూలాలకు రోజు పెట్టడానికి కాబోయే మామ మా ఊరొచ్చాడు. వాకిట్లో నా గుండు చూసి చేతిలో సంచి జారవిడిచాడు.

"అయ్యయ్యో! ఎప్పుడప్పా పొయినాడు మీ నాయన? కబురైనా పంపలేదే!" అని నన్ను కావలించుకుని భోరుమన్నాడు.

ఇంతలో మా నాయన తువ్వాలతో చెవులు తుడుచుకుంటూ లోపలి నుంచి వచ్చి "ఎవురబ్బా పొయింది?" అన్నాడు.

"నువ్వేనంట నాయనా" అన్నాను.

మామ గుండె పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. మంచినీళ్లు తాగించి, తేరుకున్నాక, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. ఆయన మొహం రంగు మారింది. "కతలు రాసేటోని కోసరం గుండా? ఆయన నీకు మామా, బాబాయా? అబ్బోడా, నిజం చెప్పు. మూర్ఛ గీర్ఛ ఏమన్నా ఉండాదా? పిల్లనిచ్చేవాణ్ణి, నాకాడ దాపరికం వద్దు."

"లేదు మామా, కల్పాంత్ గారి మీద ఒట్టు."

"మళ్లీ వాడేనా! సరే, సూపించు. ఆ మనిషి నా కండ్లకు కనబడితే తాంబూలాలు. కనబడకపోతే నీ దోవ నీది, మా దోవ మాది."

పుస్తకం లోపలి పేజీలో తిరుపతిలోని ప్రెస్సు చిరునామా ఉంటుంది. లడ్డు చంకన పెట్టుకుని, మామను వెంటబెట్టుకుని బస్సెక్కాను. దోవ పొడవునా మామది ఒకటే పని. నా గుండుకేసి చూడటం, తల పక్కకు తిప్పుకోవడం, అంతే.

ప్రెస్సు ఇరుకు సందులో ఉంది. మోచేతుల దాకా సిరా పూసుకున్న మేనేజరు ఒకాయన ఎదురొచ్చాడు. నేను చేతులు జోడించి "కల్పాంత్ గారి దర్శనానికి వచ్చినామయ్యా" అన్నాను.

ఆయన తల కూడా ఎత్తకుండా "ఏ కల్పాంత్?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "కల్పాంత్ గారండీ. బూడిదలోకం."

"అదేనప్పా, ఏ కల్పాంత్ అని అడగతా ఉండా. ఐదుగురు ఉండారు. పంతులు కల్పాంత్ బడికాడ ఉంటాడు. లాడ్జి కల్పాంత్ గదుల తాళాలిస్తా ఉంటాడు. కొండబస్సు కండక్టరు కల్పాంత్ ఇప్పుడే పైకి పొయినాడు."

సందులో గోడలు నా మీదికి వంగినట్టయింది. శేషు చేత తలకాయలు లెక్కపెట్టించింది ఎవరో అప్పుడు తెలిసింది. ఒక్కడనుకుని కొలిచినవాడు ఐదుగురు! "అట్ట మీద కోటాయన?" అన్నాను. "ఆ నీడబొమ్మా? అది మా కంపోజిటరు బావమరిది. బీడీ పొగగొట్టంగా గీయించినాం." నేను ఇంకా గింజుకున్నాను. "మరి ఒంట్లో బాగలేక మంచాన పడ్డాయన?"

"ఓ, ఆ కల్పాంతా!" అని మేనేజరు మొదటిసారి తలెత్తి నవ్వాడు. "మొన్ననే కాన్పయిందప్పా. ఆడబిడ్డ. తల్లీబిడ్డా బాగుండారు."

మామ కాగితాల కట్ట మీద కూర్చుండిపోయాడు. "మొగోనికి కాన్పా, గోవిందా!" అని గొణగడం వినిపించింది. మొగోడు కాదు, ఆమె అని మేనేజరు విడమరిచి చెప్పేదాకా మామ ఊపిరి మామ దగ్గర లేదు. నా దగ్గరా లేదు. గుండు మీద చెమట కారి కళ్లలో పడుతోంది, తుడుచుకునే ధ్యాస కూడా లేదు. "ఇంతమంది ఒక పేరు పెట్టుకుని జనాన్ని మోసం చేస్తారా?" అని అరిచాను. విచిత్రమేమంటే మామ నా పక్షం రాలేదు. "దానికెందుకబ్బా అరుస్తావు? మా వీధిలో పదిమంది నేసిన చీరలు ఒక్క అంగడి ముద్ర ఏసుకునే కదా అమ్ముడుపోతా ఉండేది? నాకు కావాల్సింది అది కాదు. నువ్వు గుండు కొట్టించుకున్న మనిషి ఉండాదా, లేదా? పద, సూద్దాం."

ఆమె ఇల్లు వెనక సందులోనే. తలుపు దగ్గర ఆమె తల్లి చేయి అడ్డం పెట్టింది. "పురిటి మైలప్పా, గడప దాటొద్దు. ఆ ప్రసాదం గూట్లో పెట్టు, పురుడెళ్లినాక తింటాది." గదికి తెర కట్టి ఉంది. మేం వాకిట్లో నిలబడ్డాం. ఆ ముసలామె లోపలికి పోయి మా సంగతి చెప్పింది. తర్వాత తెర వెనకనుంచి నవ్వు, ఆ నవ్వుకు లేచిన పసిబిడ్డ ఏడుపు.

"నిజంగా నాకోసరం గుండు కొట్టించుకున్నావా అన్నా? మా ఇంటాయన కూడా కొట్టించుకోలేదే!"

అన్నాళ్లూ నన్ను తినేసిన ప్రశ్నే అడిగాను. "అమ్మా, శేషును పాముల గుంతలో పడేసింది మీరేనా?"

"నేను కాదన్నా! ఆ కండక్టరాయన. పడేసి, సెలవు పెట్టి, చెల్లెలి పెండ్లికి పొయినాడు. ఎట్ల పైకి తీయాలో ఆయనకే తెలీదు. నా నెత్తిన ఏసినారు. చీరల తాడేసి తీసింది నేనే."

నా కంటే ముందు మామ కదిలాడు. తెర దగ్గరగా జరిగి, గొంతు సవరించుకుని "ఏం చీరలమ్మా అవి?" అన్నాడు.

"నూలువే పెద్దాయనా. నగరి నూలు చీరలు అనుకోండి."

"అట్లయితే తెగవు" అన్నాడు మామ. అని నా భుజం మీద చేయి వేశాడు. అట్లా నా పెళ్లి మళ్లీ కుదిరింది. (తాంబూలాల్లో నా గుండు మీద వాళ్లవాళ్లు పసుపునీళ్లు చల్లి "నీళ్లు నిలబడడం లేదే" అని చేసిన ఎగతాళి ఇక్కడ రాయను.)

వచ్చేముందు ఆమె పెళ్లికూతురు పేరు అడిగింది. చెప్పాను. పెళ్లయిన నెలకు వచ్చిన పుస్తకంలో ఆ పేరుతో ఒక పిల్ల శేషు వెంట గుర్రమెక్కి, దొంగలను తరిమికొట్టింది. నా భార్యకు చదువు రాదు. ఆ పేజీలు నా చేత ఎన్నిసార్లు చదివించుకుందో లెక్కలేదు. వీధి వీధంతా పిలిచి వినిపించింది. అందుకే మరుసటి నెల పుస్తకం రాగానే ఇరుగుపొరుగును కూర్చోబెట్టి, తను ముందువరసలో కూర్చుని "చదువు" అంది. చిన్నప్పుడే చదువుకున్నవాడైతే కళ్లు ముందుకు పరిగెత్తించి, ఆపద చూసి మాట మార్చి ఉండేవాడు. నేను కూడబలుక్కుని చదివేవాణ్ణి. 'బా' అని, 'ణం' అన్నాకే అది బాణమని నాకూ తెలిసేది. 'గుం', 'డె', 'లో'... అట్లా నా నోటితోనే, నలుగురిలో, మొదటి పేజీలోనే నా పెళ్లాన్ని చంపేశాను. రాసింది కండక్టరు కల్పాంత్. ఆ పేరు వెనక నిజంగా ఒక మనిషి ఉందని ఆయనకెవరూ చెప్పలేదు. వారం రోజులు మా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. నెలనెలా ఆశగా చూశాం. తెర వెనకనుంచి మాట్లాడిన ఆమె బిడ్డను ఎత్తుకుని భర్త ఊరికి వెళ్లిపోయిందని, ఇక రాయడం లేదని షాపాయన చెప్పాడు. శేషును గుంతలోంచి తీసినట్టు ఆ పిల్లను పైకి తీసే మనిషి ఇక లేదు.

అద్దె పుస్తకాల షాపులు పోయాయి, ప్రెస్సు పోయింది. మొన్న మనవరాలు ఫోన్లో 'బూడిదలోకం' ఎవరో చదువుతుంటే వినిపించింది. కొత్త భాగాలట, రాసింది కల్పాంతేనట. ఎన్నో కల్పాంతో. మా ముసలిది వంటింట్లోంచి కేక వేసింది. "నన్ను బతికించినారేమో అడగవే!" మనవరాలు ఫోన్లో అడిగి చూసింది, బతికించలేదు.

అందుకని నేనే కూర్చున్నాను. ఒక్కో అక్షరం పేర్చుకుంటూ, వంకరటింకరగా రాశాను. బాణం గుండెకు తగల్లేదు, చీర మడతల్లో చిక్కుకుంది, నగరి నూలు చీర. కింద కల్పాంత్ అని పెట్టాను. అంతమందిలో ఒకడు ఎక్కువైతే ఎవరికి తెలుస్తుంది? సాయంత్రం పెరట్లో మా ముసలిదానికి చదివి వినిపించాను. పిల్ల కళ్లు తెరిచింది, లేచింది, గుర్రం దగ్గరికి నడిచింది, దూరంగా ఏదో మెరిసింది. నీళ్లేమో. అక్కడ ఆపి, వక్కాకు నోట్లో వేసుకున్నాను. ఇప్పుడు మొక్కు లేకుండానే నున్నగైపోయిన నా గుండు మీద ఒక్కటి మొట్టి, "ఏమయిందో చెప్పు" అంది.

"మిగతాది రేపు" అన్నాను.