ఏడు ఫోన్ల పాట

మొన్న నరసరావుపేటలో సెల్ రిపేరు షాపు దగ్గర నిలబడితే, గాజు బీరువా అడుగున అంకెలు అరిగిపోయిన పాత మీటల ఫోనొకటి కనిపించింది. అడిగి తీసుకుని నొక్కి చూశాను, ప్రాణం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం చొక్కా జేబు చెమట, చుట్ట పొగ కలిసిన వాసన. మా నాన్న ఫోనూ అచ్చం ఇదే వాసన వేసేది, కాకపోతే దానికి మిరపకాయల ఘాటు అదనం.

రెంటచింతల ఎండల సంగతి కొత్తగా చెప్పేదేముంది! శివరాత్రి రాకముందే మా బడి రేకుల గదిలో ఫ్యాను వేడిగాలిని తిప్పి తిప్పి మా నెత్తినే పోసేది. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ, ఉప్పూ కారం అద్దిన జామముక్కలు తిన్న చేతుల్ని నిక్కర్లకు తుడుచుకుంటూ, శనివారం మధ్యాహ్నం కోసం ఎదురుచూసేవాళ్లం. ఆ పూట సుగుణ టీచరుగారి సంగీతం పీరియడ్. బడికి హార్మోనియం లేదు, కొనే ఉద్దేశం హెడ్మాస్టరు గారికి అసలే లేదు. టీచరు ఊరుకునే మనిషి కాదు. అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తున్న సెల్‌ఫోన్లను నాన్నల్ని బతిమాలి ఏడుగురం తెచ్చుకుంటే, వాటిలో సొంతంగా రింగ్‌టోన్ తయారుచేసుకునే మెనూలోకి వెళ్లి, టీచరు ఒక్కో ఫోనులో ఒక్కో స్వరం ఎక్కించేవారు. నాది పంచమం, అంటే "ప". ఆవిడ వేలు ఎవరివైపు చూపితే వాళ్లు మీట నొక్కాలి. పాట కూడా ఆవిడ మా కోసం సొంతంగా కట్టిందే. మొదట్లో వానాకాలం కప్పల గోలలా ఉన్నా, పోనుపోను కుదురుకునేసరికి, చర్చిలో గిటారు వాయించే అన్నలు సైతం మా కిటికీ దగ్గర ఆగి వినేవారు.

వార్షికోత్సవంలో పాట మెప్పిస్తే పీరియడ్ ఉంటుందనీ, లేకపోతే లెక్కల సారుకు పోతుందనీ హెడ్మాస్టరు గారు తేల్చేశారు. మా ఖర్మకొద్దీ ఆ రోజే పంచాయతీ నామినేషన్లు. పల్నాట్లో ఎన్నికలంటే ఇంట్లో పెళ్లికంటే పెద్ద పని.

"ఒరేయ్, ఈ పూట ఫోనిస్తే నేనేం పెట్టుకుని మాట్టాడాల్రా? పాటంట పాట! పో అవతలికి" అన్నాడు నాన్న.

మరో అయిదిళ్లలోనూ ఇదే వరస. ఫోను తెచ్చింది మస్తాన్‌బీ ఒక్కతే. వాళ్ల నాన్న ఖాసిం మామ బోరు మోటార్లు బాగుచేసేవాడు, ఫోను లేకపోతే ఆ పూట ఆయనకు పనే లేదు.

"మోటార్లు రేపన్నా తిరుగుతయ్, నువ్వు పోయి వాయించుకో అన్నాడు, టీచర్, మా అబ్బా" అంది.

టీచరు కార్యక్రమం మానలేదు. "ఫోన్లు లేకపోతే ఏం, ఎవరి స్వరం వాళ్లు నోటితో అనండి" అన్నారు. మాకు నొక్కడమే వచ్చు, అనడం రాదు. వేదిక మీద ఆవిడ వేలు నావైపు వచ్చినప్పుడు నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. తక్కినవాళ్లదీ అదే గతి. నాలుగు మూగ క్షణాల తర్వాత మస్తాన్‌బీ ఫోను మాత్రం టింగుమనేది. జనం పగలబడి నవ్వారు. ఆ పిల్ల తల వంచుకుని, వంతు వచ్చినప్పుడల్లా నొక్కుతూనే ఉంది. టీచరు వేలు కూడా పాట పూర్తయ్యేదాకా తిరుగుతూనే ఉంది.

పై శనివారం నుంచి లెక్కలు. ఏడాది తిరక్కుండా టీచరు బదిలీ అయ్యారు, తర్వాత కొన్నాళ్లకు పోయారని విన్నాం. ఆ ఎన్నికల్లో గెలిచినాయన పేరు ఇప్పుడు మా ఊళ్లో ఎవరికీ గుర్తులేదు.

మా అమ్మాయి బడిలో ఇప్పుడు పిల్లలందరికీ ట్యాబులే. వేలు ఆనిస్తే వీణ, ఇంకోచోట ఆనిస్తే తబలా. నిన్న నేనీ సంగతంతా చెబితే, "నాన్నా, ఆ పాట ఒకసారి అను, రేపు క్లాసులో వాయిస్తా" అంది. గొంతు సవరించుకున్నాను. అన్ని శనివారాలూ నా వంతు ఎక్కడ తప్పిపోతుందోనని టీచరు వేలునే చూశాను తప్ప, పాట వినలేదు.

"ప" అన్నాను.

మా అమ్మాయి ట్యాబు మీద ఆ స్వరం వెతికి నొక్కి, తర్వాతది ఏమిటన్నట్టు నా మొహంలోకి చూసింది.