డీజే ఆగిన చోట పెద్దత్త

డీజే కాలం అయిపోయిందన్న వార్తను నాకు మొదట మోసుకొచ్చింది మా మరిదే. మొన్న ఎండలో వచ్చి, చెంబెడు నీళ్లు తాగి, అరుగు మీద కూలబడి, "పనైపోయింది వదినా. పెండ్లిండ్లకు గూడా ఎవురూ పిల్చేది లేదు. ఆ పెట్టెలు కోళ్లగూటికి తప్ప ఎందుకూ పనికిరావు" అన్నాడు. అతణ్ని ఊరంతా దడదడ అంటుంది (పెట్టెలు మోగితే మన గుండెలకు అయ్యేది అదే). ఇప్పుడు అతనికి చెవుల్లో ఎప్పుడూ గుయ్‌మనే మోత, నాకు మోకాళ్ల నొప్పి. ఇద్దరం ఊరికే కూర్చున్నా అలసిపోయే వయసుకు వచ్చేశాం.

ఆ రోజుల్లో అలసట ఒంటిది కాదు, ఊరిది. నేను బత్తలపల్లె దగ్గరి ఈ పల్లెకు కోడలిగా వచ్చిన తొలి ఏడు అది. బడి ముఖం చూడనిదాన్ని. మా నాయన ఇంట్లోనే భజన పాటల పుస్తకం ముందు పెట్టి అక్షరాలు దిద్దించాడు, ఆ పుణ్యమే ఈ నాలుగు ముక్కలు రాయిస్తోంది. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసింది. అలాంటప్పుడు మా ఊళ్లో భజన పెడతారు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా రామనామం ఆగకూడదు. ఊపిరి తీసుకునేంత సందు వచ్చినా తెగినట్టే, మర్నాడు మళ్లీ దీపం వెలిగించి మొదటికి రావాలి. అప్పటికే ఒకసారి తెగింది. మధ్యాహ్నం వంతు మారేటప్పుడు పాడే జట్టు లేచింది, పాడవలసిన జట్టు గోడకు ఆనుకుని గురక పెడుతోంది. దేవుడు నవ్వుకునే ఉంటాడు. భజనకు పెద్ద అయిన మా మామ మాత్రం నవ్వలేదు.

మర్నాటికి ఎవరికీ గొంతు లేదు. నీళ్లు అడగాలన్నా సైగలే. చేలో చెట్లు తలలు వాల్చేస్తున్నాయి, ఇంకోసారి తెగితే మూడోసారి మొదలుపెట్టే ఓపిక ఊరికి లేదు. అప్పుడు మా మరిది, కొత్తగా కొన్న డీజే పెట్టెలు గుడి ముందుకు తెచ్చి దించాడు. "సీడీలో రామభజన ఉండాది నాయనా. తిప్పి తిప్పి వేస్తా. మీరు కూసోండి సాలు."

"మిషను పలికితే రామనామం అయితాదా?" అన్నాడు మామ, గొంతు పీలగా.

"లోపల పలికేది మనిసే గదా నాయనా. పెట్టెలో ఉంటే రాముడు వద్దంటాడా?"

మామూలు రోజైతే మామ దీనికి పురాణం విప్పేవాడు. ఆ రోజు "కానీ" అన్నాడు. ధర్మసందేహాలన్నీ ఓపిక ఉన్నవాళ్లవేనని నాకు అప్పుడే తెలిసింది.

పెట్టెలు మొదలెట్టాయి. రామనామం వెనక డమడమ, దాని వెనక ఈలలాంటిదేదో. ముసలివాళ్లు కళ్లు మూసుకుని తల ఊపారు. మోత అంతకంతకూ వేగం పెరిగింది, పెరిగింది, ఉన్నట్టుండి ఆగిపోయింది. నిశ్శబ్దం. ఆ సందులో స్తంభం పక్క నుంచి, ఒక్క పన్ను లేని నోటితో, "రామా!" అన్న కేక. వెంటనే పెట్టెలు ధన్‌మని విరుచుకుపడ్డాయి, హారతి పళ్లెం ఎగిరి కింద పడింది.

"తెగిందా, లేదా?" అని మామ లేచి నిలబడ్డాడు.

"యాడ తెగింది? నేను పట్టుకోలా?" అంది పెద్దత్త. మామకు అక్క, చిన్నప్పుడే విధవరాలై పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి.

"ఏందిరా అది?" అని మామ కొడుకు మీద లేచాడు.

"దాన్ని డ్రాప్ అంటారు నాయనా. అట్ల నిలిపితేనే గదా ఊపు!"

"నీ ఊపులో మన్ను బొయ్య! వేరేది పెట్టు."

వేరేవన్నీ పెళ్లి ఊరేగింపు పాటలు. వాటికంటే ఆగే రాముడే నయమనుకున్నారు. ఇక పగలంతా అదే వరస. మోత పెరగడం, ఆగడం, పెద్దత్త "రామా!" అనడం, ధన్‌మనడం. నాకు ఒక పని అప్పగించారు: ఆగే ముందు చెయ్యెత్తి పెద్దత్తకు సైగ చేయడం. (అనంతపురం జిల్లాలో ఆ సంగీతం లోతులు నాకన్నా ముందు ఎరిగిన కోడలు ఉండదని నా గట్టి నమ్మకం.)

పొద్దు కొండ మీదికి వాలింది. నేను చెయ్యెత్తాను. పెద్దత్త నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. నా చెయ్యి పట్టుకుని, "అమ్మీ, నువ్వు" అని పెదవులు కదిపింది. మామ ముందు నోరెత్తి మాట్లాడనిదాన్ని. మోత ఆగింది. "రామా!" అని అరిచాను. ఆ కేకకు గుడిమీది పావురాలు లేచిపోయాయి. ధన్‌మనలేదు. కరెంటు పోయింది.

పెట్టెలు మూగబోయాయి. ఊరంతా నన్నే చూస్తోంది. ఆపితే తెగుతుంది. "రామా, రామా" అంటూనే ఉన్నాను, ఏడుపుగొంతుతో. పెద్దత్త నా మోకాలి మీద అరచేత్తో తాళం వేసింది. ఆ తాళానికి మామ భజన చెక్కలు అందుకున్నాడు, ఒక్కొక్క గొంతే బొంగురుగా తోడైంది. పొద్దు గుంకింది. తెగలేదు.

వాన వచ్చిందా అంటారేమో. వచ్చింది, పక్క ఊరికి. మాకు నాలుగు చినుకులు. కాయ రాలేదు గానీ పశువులకు మేత మిగిలింది. దానికీ దండం పెట్టుకున్నాం.

"అయితే డీజే నిజంగా పోయినట్టేనా?" అని మొన్న మరిదిని అడిగాను. తల గోక్కున్నాడు. "ఏమో వదినా. బెంగళూరులో ఒకచోటికి పెట్టెలు తీస్కపోతే, చదువుకునే పిల్లోల్లు సెప్పులు ఇడిసి, కింద కూసోని, అదే మోతకు భజన చేస్తాండారు. నిలిపినప్పుడు నిశ్శబ్దం ల్యాదు. హాలంతా ఒకేసారి రామా అంటాండాది. పెద్దత్త ఆడ్నే యాడో కూసోనుందేమో అని ఎతికినా."

పెద్దత్త పోయి చాలా ఏళ్లయింది. డీజే చచ్చిందో రూపు మార్చుకుందో తేల్చే తెలివి నాకు లేదు. ఇప్పటికీ రోడ్డు మీద ఊరేగింపు పోతూ మోత ఆగబోతుంటే, బియ్యం ఏరుతున్న నా చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. మా కోడలు చూసి నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. మీకూ ఎక్కడైనా ఆ మోత పెరిగి పెరిగి ఆగితే, ధన్‌మనేలోపు ఆ కాస్త సందులో మా పెద్దత్తను ఒక్కసారి తలచుకోండి.