మున్నీ బరఫ్

నా చిన్నప్పుడు నారాయణఖేడ్‌లో ఎండాకాలపు మధ్యాహ్నాలు ఒక కేకతో కదిలేవి. "మున్నీ..." అని, కాసేపు ఆగి, "బరఫ్" అనేవాడు నెత్తిన కుండతో తిరిగే చాచా. చిక్కగా కాచిన పాలు రేకు గొట్టాల్లో పోసి, మూత చుట్టూ పిండి మెత్తి, ఉప్పు కలిపిన మంచుగడ్డల్లో పూడ్చి గట్టిపరిచేవాడు. ఆ తీపినే ఊరంతా మున్నీ బరఫ్ అనేది.

ఆ పేరు మీద మా వాకిట్లో ఎప్పుడూ తగవే. బీదర్‌లో ఒక జాగీర్దారు బిడ్డ దీన్ని తప్ప ఇంకేదీ ముట్టేది కాదనీ, ఇది ఆమె పేరేననీ మా తాతయ్య వాదన. "నువ్వు బోయి సూసొచ్చినవా? గది పట్నంల దుకాణం పేరు" అని పక్కింటి అవ్వ తీసిపారేసేది. చాచాను అడిగితే నవ్వి, కుండ ఎత్తుకొని పోయేవాడు. పేరు పిలిచాక ఎందుకు ఆగుతాడో మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక వేసవిలో ఊరికి కలరా గత్తర తగిలింది. వాంతులతో, విరేచనాలతో నేనూ మంచం పట్టాను. గత్తర రోగికి నీళ్లిస్తే ప్రాణం పోతుందని అప్పట్లో అందరి నమ్మకం. నీళ్లు, నీళ్లు అని నేను మూలుగుతుంటే అమ్మ చెంబు దాచేసి, గోడవైపు తిరిగి కూర్చుంది.

మధ్యాహ్నం వాకిట్లో "మున్నీ..." అన్న కేక వినబడింది, ఆగింది. ఆ ఖాళీలోకి నేను "ఆ" అన్నాను.

ఆ రోజు చాచా బరఫ్ అనలేదు. చెప్పులైనా విడవకుండా లోపలికొచ్చి, మంచుగడ్డ పగలగొట్టి, ఒక ముక్క నా నోటికి అందించబోయాడు. తాతయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పొల్ల సస్తది, భాయ్."

"నా బిడ్డ మున్నీ గూడ గిట్లనే నీళ్లడిగింది. నలుగురు వద్దన్నరు, నేను ఇయ్యలే. కుండ నిండ బరఫ్ ఉండె. ఇయ్యకున్నా పోయింది."

తాతయ్య చెయ్యి వదిలాడు.

పొద్దు గుంకేదాకా చాచా ముక్క తర్వాత ముక్క నా నాలుక మీద పెడుతూనే ఉన్నాడు. అమ్ముకోవలసిన పాలన్నీ గొట్టాల్లోనే కరిగిపోయాయి. నేను బతికాను.

ఊళ్లో తగవు ఆ తర్వాతా నడిచింది. తాతయ్య మాత్రం జాగీర్దారు బిడ్డ మాట మళ్లీ ఎత్తలేదు. చాచా కేక వినబడితే అమ్మ నన్ను గడపలోకి పంపేది. ఆయన ఆగినచోట నేను "ఆ" అనేదాన్ని. అప్పుడుగానీ ఆయన కదిలేవాడు కాదు.

నీళ్లడిగిన వాళ్లను ఇప్పటికీ నేను ఎందుకని అడగను. మిట్టమధ్యాహ్నం వీధి సద్దుమణిగితే మాత్రం చేస్తున్న పని ఆపేస్తాను. పిలిచేవాళ్లెవరూ లేరని తెలుసు. అయినా మెల్లగా "ఆ" అంటాను.