బానెట్ మీద మిగిలిన మచ్చ

నా చిన్నప్పుడు మా గడి వాకిట్లో చెప్పులు విడవకుండా నిలబడ్డ మొదటి మనిషి కార్లకు రంగులు వేసే ఒకతను. నల్గొండ వైపు మా ఇంటిని ఇప్పటికీ దొరల గడి అనే అంటారు, పైకప్పు సగం కూలిపోయినా. ఆ ఇంటికి చివరగా మిగిలినదాన్ని నేను. జాలి కోసం ఈ మాట రాయడం లేదు. ఎవరి ముందూ చేయి చాపకుండా ఇన్నేళ్లు బతికాను. మిగిలిన కొద్ది కాలమూ అలాగే గడుస్తుంది.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. భూములు చాలావరకు పోయాయి, పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మా తాతయ్యకు మిగిలిన దర్జా అంతా ఒక నల్ల కారు. మా చిన్నాయనకు మహబూబ్‌నగర్ వైపు ఒక పెద్ద ఇంటి సంబంధం వచ్చింది. మాట ఖాయం చేసుకోవడానికి తాతయ్య ఆ కారులోనే వెళ్లాలి. బస్సు దిగి నడిచి వెళ్తే ఆ సంబంధం నిలవదని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ కారు బానెట్ మీద రంగు పెచ్చులు లేచి, చాలాచోట్ల తుప్పు కనబడుతూ ఉండేది. ఎవరైనా అడిగితే తాతయ్య ఒకటే జవాబు చెప్పేవారు, సడక్ మీద కంకర అని.

ఆ రంగులు వేసే అతను హైదరాబాదులో ఒక కార్ఖానాలో పని నేర్చుకుని వచ్చి, బస్టాండు దగ్గర షెడ్డు వేసుకున్నాడట. చిన్నాయన పిలిపించారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయేమో. తాతయ్య అరుగు మీది నుంచి అతని చెప్పుల వైపు చూశారు. అతనూ ఒకసారి వాటి వైపు చూసుకుని, వాటితోనే పనిలోకి దిగాడు.

మొదట కారంతా కడిగి, తరువాత బానెట్ మీద మంచి రంగును కూడా గీకడం మొదలుపెట్టాడు. నేను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"ఉన్న రంగు గూడ గీకేస్తున్నవేంది?" అన్నాను. పనివాళ్లతో నేను మాట్లాడే తీరు అదే.

"గీకకుంటె ఎట్ల, దొరసానీ? మచ్చ గింతే కనవడ్తది. కింద జంగు ఎంత దూరం పోయిందో గీకితెనే ఎరుక."

"మా తాతయ్య తిడ్తడు."

"తిట్లు మాకేమన్న కొత్తనా" అని నవ్వి, తన పని తాను చేసుకున్నాడు.

ప్రతి మచ్చ దగ్గరా తుప్పంతా పోయి ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకేవాడు. తరువాత ఉప్పు కాగితం నీళ్లలో తడిపి, చుట్టూ ఉన్న రంగు అంచును అరగదీసేవాడు. నన్ను కళ్లు మూసుకుని బొటనవేలితో ఆ చోటు రాసి చూడమనేవాడు.

"మెట్టు తగుల్తుందా?"

"తగుల్తాంది."

"అయితె ఇంక కాలె."

మళ్లీ రుద్దేవాడు. ఇనుము ఎక్కడ అయిపోయిందో, రంగు ఎక్కడ మొదలైందో నా వేలికి తెలియకుండా పోయాకే అడుగున ఎర్ర రంగు వేశాడు. దాని మీద గుంటలు పూడ్చే లప్పం, లప్పం మీద మళ్లీ ఉప్పు కాగితం, ఆ తరువాత నల్ల రంగు పలచగా పూతమీద పూత. పూతకూ పూతకూ మధ్య దుమ్ము పడకుండా నా చేత వాకిలి తడిపించాడు. మా ఇంట్లో నాకు పని చెప్పిన మొదటి బయటి మనిషి కూడా అతనే. కోపం రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు ఆలోచించలేదు.

మళ్లీ పెచ్చులు లేవకుండా ఏం చేయాలో చిన్నాయనకు చెప్పాడు. "బస్సు ఎనక దగ్గర్గ పోనియ్యకుండ్రి. దాని చక్రాలు లేపిన రాళ్లే గివన్ని. వారానికోపారి మైనం రుద్దుండ్రి. రాయి తాకిన్నాడే సూస్కొని ఇంత రంగు పెట్టుండ్రి. నీళ్లు దిగినంక పెడ్తె ఏం ఫాయిదా లేదు."

మూడో రోజుకు బానెట్ అద్దంలా అయింది. ఒక్క మచ్చ మాత్రం మిగిలింది. అది ముందు వైపు కాదు, బానెట్ నడుమ, అద్దానికి దగ్గరగా ఉంది. చింతగింజ పట్టేంత సొట్ట, దాని చుట్టూ తుప్పు. దాన్ని అతను ముట్టుకోలేదు. బొటనవేలు దాని మీద పెట్టి ఊరికే నిలబడ్డాడు.

"గిది సడక్ రాయి కాదా?" అన్నాను.

"సడక్ రాయి ముక్కుకు తాకుతది, దొరసానీ. గిది మీదికెల్లి పడ్డది."

"ఎవరేసిన్రు?"

అతను చేతులు తుడుచుకున్నాడు. "నేనే" అన్నాడు.

ఆ తరువాత అతను చెప్పింది నాకు ఇప్పటికీ వరుసగా గుర్తుంది. అప్పటికి నేను పుట్టలేదు. వానాకాలంలో తాతయ్య కారు ఊరి బయట వాగు ఇసుకలో దిగబడింది. నెట్టడానికి వెట్టివాళ్లను పిలిపించారు. అతని తండ్రి జ్వరంతో పడుకుని ఉంటే లేపి తీసుకువెళ్లారు. కారు ఒక్క ఉదుటున వెనక్కి జారి ఆ మనిషి కాలు మీద నుంచి పోయింది. మిగిలినవాళ్లు కారును గట్టెక్కించారు. దవాఖానకు తీసుకుపొమ్మని అందరూ కాళ్లు పట్టుకుంటే, సీట్లు ఖరాబవుతాయని తాతయ్య అన్నారట. కారు వెళ్లిపోయింది. మంచం మీద మోసుకుని పోయేసరికి పొద్దు గూకింది. ఆ మనిషి నాలుగో రోజున చనిపోయాడు. ఆనాడు వాగు గట్టు మీద పన్నెండేళ్ల పిల్లవాడొకడు మూడు రాళ్లు విసిరితే ఒకటి తగిలింది.

అంతలో చిన్నాయన వచ్చారు. "అదొకటి మర్సినవేందిరా?"

"మర్వలె. గిది ఎట్లయిందో పెద్ద దొర నోటితోని చెప్పాలె. చెప్తె ఇప్పుడే చేస్త."

"పైసలిస్తున్నం గద. మాటెందుకు నీకు?"

"గీ మచ్చకు పైసలొద్దు. గా మాటే కూలి."

అరుగు మీద తాతయ్య అంతా విన్నారు. అతని ముఖంలోకి చాలాసేపు చూశారు. ఎవరి కొడుకో గుర్తుపట్టారని నాకు అర్థమైంది. ఆ చూపు తిప్పుకుని, ఎప్పటి గొంతుతోనే అన్నారు, "సడక్ మీద కంకర."

అతను తల ఊపి డబ్బాలు సర్దుకున్నాడు. "అయితె రంగెయ్యమని గా కంకరనే అడుగుండ్రి" అన్నాడు. వాకిలి దాటుతూ నా వైపు తిరిగి, "మైనం మర్వకు, దొరసానీ" అని వెళ్లిపోయాడు.

మర్నాడు చిన్నాయన డబ్బా అడుగున మిగిలిన నల్ల రంగు తీసి ఆ తుప్పు మీదే పూశారు. దూరం నుంచి చూస్తే ఏమీ తెలియలేదు. నేను బొటనవేలితో రాసి చూశాను. మెట్టు తగిలింది. ఎవరికీ చెప్పలేదు.

వారం తరువాత బయలుదేరాం. నన్నూ తీసుకువెళ్లారు. దారంతా వాన. సంబంధం వాళ్ల ఊళ్లో అందరూ కారు చుట్టూ చేరారు. పెళ్లికూతురి తండ్రి మాట్లాడుతూ మాట్లాడుతూ బానెట్ మీద చేయి వేశారు. తీస్తే అరచేతికి ఒక నల్ల పెచ్చు అంటుకుని వచ్చింది.

"గిదేంది, బావా?"

నేను తాతయ్య ముఖం చూశాను. ఆ ఒక్క క్షణం ఆయన చెబుతారనే అనుకున్నాను.

"సడక్ మీద కంకర" అన్నారు.

"మా దిక్కు సడకులు గూడ గంతే" అని ఆ పెద్దమనిషి నవ్వి చేయి దులుపుకున్నారు. సంబంధం ఖాయమైంది.

తిరుగు ప్రయాణంలో ఊరి బయటి ఆ వాగు దాటుతుంటే తాతయ్య ముఖం అవతలి వైపు తిప్పుకున్నారు. వెనక సీట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మెల్లగా పడుకుని కాళ్లు చాపి చూశాను. మోకాళ్లు కొంచెం ముడుచుకుంటే పెద్ద మనిషి కూడా పట్టేంత చోటుంది.

తాతయ్య తల వంచకుండా బతికారు, అలాగే పోయారు. అతను కూలిగా అడిగిన ఆ మాట ఎన్నడూ అనలేదు. నేను పెద్దయ్యాక బస్టాండు దగ్గర వెతికితే ఆ షెడ్డులో వేరే ఎవరో ఉన్నారు. కారును పాత ఇనుము కింద అమ్మేసినప్పుడు బానెట్ రేకు మాత్రం నేను ఉంచుకున్నాను. అతను రంగు వేసిన చోట్లు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. వేయని చోట అరచేయి పట్టేంత రంధ్రం పడింది.

నాకు తల వంచడం రాదు, మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. కానీ ఇవ్వవలసిన కూలి ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అతనున్నాడో లేడో తెలియదు. అయినా ఇక్కడ రాస్తున్నాను. అది సడక్ మీద కంకర కాదు. జ్వరంతో ఉన్న మనిషిని లేపి తెచ్చి మా కారు నెట్టించుకున్నాం. అది ఆయన కాలు మీద నుంచి పోయింది. వెనక సీటు ఖాళీగా ఉంది. మేము ఎక్కించుకోలేదు.