పురుగున్న వంకాయలే కావాలన్నాను

మా తమ్ముడు మునిరాజ పెళ్ళిని నేను గుత్తివంకాయలో ముంచేయబోయిన రోజు సంగతి చెబుతాను. అన్నం తింటూ చదివేవాళ్ళు కాస్త కంచం పక్కన పెట్టండి.

వాడికి మదనపల్లెలో ఉద్యోగం ఉన్నా సంబంధాలు వచ్చినట్టే వచ్చి జారిపోతున్నాయి. చివరికి కుప్పం నుంచి ఒక పిల్ల తండ్రి మా ఇల్లు చూడడానికి పుంగనూరు వస్తానన్నాడు. "అక్కా, నీ గుత్తివంకాయ సెయ్యి. ఆ యప్ప పడిపోవాల!" అన్నాడు తమ్ముడు.

సరిగ్గా అప్పుడే ఫోనులో చూసిన వీడియోలో ఒకాయన నన్ను భయపెట్టాడు. వంకాయ విత్తనంలో జీన్లు మారుస్తారట, ఆ కాయ కొరికిన పురుగు చచ్చిపోతుందట. నాకు చదువు తక్కువ, అనుమానం ఎక్కువ.

"పురుగే తిని బతకలేని కాయని మనమెట్ల తినేదిరా?"

"మందు కొట్టే పని తగ్గుతాదంట గదక్కా. మనం తింటాండే మందు కంటే అదే మేలేమో. అయినా అట్లాంటి వంకాయకి మన దేశంలో ఇంకా పర్మిషనే ఇయ్యలేదంట."

"నీకు సెప్పి వస్తాదా అది?"

మార్కెట్టులో పెళ్ళికొడుకు బుగ్గల్లా నున్నగా మెరిసే వంకాయలన్నీ నాకు హంతకుల్లా కనిపించాయి.

"పురుగుండే కాయలు యాడుండాయప్పా?" అని అడిగాను.

కూరగాయలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "పారేసేదానికి గంపలో ఏరి పెట్టుండానమ్మా. ఆవుకా?"

"కాదు, సుట్టాలకి."

"ఆ సుట్టాలతో ఏమన్నా తగువుండాదా?"

బంగారం దొరికినట్టు సంచి నింపుకుని వచ్చాను. పురుగు కనిపించిన మేరకు కోసి తీసేశాను. అన్నీ తీశాననే అనుకున్నాను.

మర్నాడు పిల్ల తండ్రి మొదటి కాయ తిని, "బలే ఉండాదమ్మా!" అన్నాడు. రెండోది విప్పాడు. మసాలా మధ్యలో ఒక పురుగు, నూనె పట్టించుకుని తలంటుకి కూర్చున్న అల్లుడిలా నిగనిగలాడుతూ ఉంది. తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నేను ఊరుకోవచ్చు కదా? "బయపడొద్దప్పా! పురుగుండాదంటే ఇది మంచి కాయ. జీన్లు మార్చిందైతే తిన్న పురుగు సచ్చిపోతాది!"

పెద్దాయన దాన్ని వేలితో కదిపి చూశాడు. "ఇది సచ్చిపోయే ఉండాది గదమ్మా?"

పొయ్యి మీద అంతసేపు ఉడికితే ఏనుగైనా చస్తుందని ఆ క్షణాన నాకు తట్టలేదు. "అయ్యో, అట్లయితే తినొద్దప్పా!" అని ఆయన ముందున్న కంచం లాగేసుకున్నాను.

అవునండీ, సంబంధం కలుపుకోవడానికి వచ్చిన మనిషి అన్నం కంచం! ఆయన చెయ్యి కడుక్కుని బస్సెక్కాడు.

సాయంత్రం ఆయన దగ్గర నుంచే ఫోను వచ్చింది.

"పిల్లోడు మాకు నచ్చినాడమ్మా. అంత జరిగినా అక్కని ఒక్క మాట అన్లేదు సూడు, మా పిల్లని బాగా సూసుకుంటాడు."

వాడికి మాట పడిపోయిందని నేను చెబుతానా?

"అయితే ఒక కండిషనమ్మా. పెండ్లిలో వంట కాడికి మీరు రావద్దు."

పెళ్ళి జరిగింది. అక్షింతలు తప్ప నన్ను ఇంకేదీ ముట్టుకోనివ్వలేదు. ఆ రోజే అగ్నిహోత్రుడి ఎదుట ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో పురుగున్న వంకాయ కొనను. నున్నటిదీ కొనను, అనుమానం తీరలేదు మరి. చుట్టాలొస్తే బీరకాయే వండుతాను. దాని గురించి ఫోనులో ఇంకా ఎవరూ నోరు విప్పలేదు.